సర్ రోనాల్డ్ రాస్

హైదరాబాదు నగరమున పంజగుట్ట మీదుగా అమీర్‌పేట చేరి, అచ్చట సికిందరాబాదు వైపు పోవు మెట్రో రైలు నెక్కినచో బేగంపేట, ప్రకాశ్‌నగర్, రసూల్‌పుర అను నిలయములు ఒకదాని వెంట నొకటి వచ్చును. ఆ దారి ప్రక్కన పాత విమానాశ్రయమునకు సమీపమున పాతకాలపు కట్టడ మొకటి కలదు. రైలులో పోవువారిలో దానిని గుర్తించువారు బహు తక్కువ. ఒకప్పు డది సైనికుల వైద్యశాల. నేడది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన పరాన్నజీవి శాస్త్ర సంస్థ. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టిరి. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన ఒక సైనిక వైద్యు డచ్చట ఒక దోమ కడుపును చీల్చి, సూక్ష్మదర్శినిలో కొన్ని నల్లని రేణువులను చూచెను. ఆ రేణువు లేమిటో, అవి యెందువలన నల్లగా నుండెనో తెలిసికొన్నవారికి ఆయన జీవితము సులభముగా బోధపడును.

మలేరియా మన దేశమునకు క్రొత్త వ్యాధి కాదు. మన పెద్దలు దానిని చలిజ్వరమనిరి. అడవి ప్రాంతములవారు మన్యపు జ్వరమనిరి. గోదావరి, విశాఖ మన్యములకు ఉద్యోగముపై వెళ్లువారు కొయినా మాత్రలు మూటగట్టుకొని వెళ్లెడివారు. దినము విడిచి దినము వణకు పుట్టి, పిదప ఒడలు కాలి, చెమట పట్టి జ్వరము దిగుట, మరల వచ్చుట దాని రీతి. ఇది యెట్లు వచ్చునని యడిగినచో ఊరివారును, పండితులును గాలినే నిందించిరి. మలేరియా యను మాటకు ఇటలీ దేశపు భాషలో చెడుగాలి యని యర్థము. బురద నేలలనుండి లేచు ఆవిరి రోగమునకు మూలమని వైద్యులు సైతము నమ్మిరి. గాలికిని ఈ వ్యాధికిని సంబంధము నిజముగానే కలదు. కాని అది వారనుకొన్న విధమున కాదు. ఆ సంగతి తరువాత చెప్పెదను.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయముల యొడిలోని అల్మోరాలో జన్మించెను. తండ్రి భారత సైన్యమున ఉన్నతోద్యోగి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండుకు పంపిరి. అతనికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము ప్రాణసమానములు. వైద్యమన్నచో అంతగా రుచింపదు. గ్రంథకర్త కావలెనని అతని కోరిక. కుమారుడు వైద్యుడై భారతదేశమున కొలువు చేయవలెనని తండ్రి పట్టు. తండ్రి పట్టే గెలిచెను. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరినను రాస్ మనసు పుస్తకములమీదనే యుండెను. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలము ఓడలో వైద్యుడుగా తిరిగి, మరల చదివి 1881లో భారత వైద్య సేవలో ప్రవేశించెను. పరీక్షలో తప్పిన పిల్లలను చూచి పెదవి విరుచు పెద్దలు ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనుట మంచిది.

ఆయన కొలువు తొలి సంవత్సరములలో చెప్పుకోదగినది స్వల్పము. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు ఆయన గదిలో దోమలు మితిమీరి యుండెడివి. కారణము వెదకగా కిటికీ ప్రక్కన నీటితొట్టి యొకటి యుండెను. అందు దోమపిల్లలు పురుగుల రూపమున కదలుచుండెను. రాస్ తొట్టిని బోర్లించెను, దోమలు తగ్గెను. తక్కిన తొట్ల నీటినిగూడ పారబోయింపుడని పై యధికారిని వేడగా, ఆయన యంగీకరింపలేదు. దోమలు ప్రకృతిలో ఒక భాగమనియు, వానిని సహించుటయే తగుననియు ఆయన తలంపు. దోమ యే రోగమును తెచ్చునో అప్పటికి రాస్‌కును తెలియదు.

ఈలోపల ఇతర దేశములందు పని సాగుచుండెను. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో మలేరియా రోగుల నెత్తురులో సజీవమైన పరాన్నజీవిని కనుగొనెను. అది సూక్ష్మజీవియే గాని బాక్టీరియా కాదు. దానికంటె పెద్దది, జటిలమైనది. రాస్ మొదట దీనిని నమ్మలేదు. నమ్మకపోవుటయే గాక, ఈ జ్వరమునకు మూలము ప్రేగులలో నున్నదని వ్యాసములుగూడ వ్రాసెను. 1894లో సెలవుపై లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆయనకు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని ప్రత్యక్షముగా చూపెను. రాస్ తన తప్పు నొప్పుకొనెను. బోదకాలు పురుగు దోమలో పెరుగునని చాలకాలము పూర్వమే చైనాలో కనుగొన్నవాడు ఈ మాన్సనే. మలేరియా జీవియు దోమను ఆశ్రయించునేమో యని ఆయన ఊహ. ఆ యూహను మూటగట్టుకొని రాస్ 1895లో భారతదేశమునకు తిరిగి వచ్చి, సికిందరాబాదులోని 19వ మద్రాసు పదాతి దళములో చేరెను.

ఇచ్చట ఆ నల్లని రేణువుల సంగతి చెప్పవలెను. మన నెత్తురు ఎర్రగా నుండుటకు కారణము ఎర్రకణములలోని హిమోగ్లోబిను. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోసికొనిపోయి దేహమంతట పంచునది అదియే. మలేరియా జీవి సరిగా ఆ ఎర్రకణములోనే దూరి కాపురముండును. ఆ హిమోగ్లోబినునే తిని పెరుగును. అందులోని ఇనుముతో కూడిన భాగము దానికి జీర్ణము కాదు; పైపెచ్చు విషము. కావున ఆ జీవి దానిని స్ఫటికములుగా మార్చి తనలోనే మూటకట్టి పెట్టుకొనును. ఆ మూటయే నల్లని రేణువు. వంటయింటిలో పొయ్యి చూడకున్నను మసిని చూచి వంట జరిగినదని చెప్పినట్లు, ఆ రేణువును చూచి మలేరియా జీవి ఉన్నదని చెప్పవచ్చును. నెత్తురు త్రాగిన దోమ దేహములో ఈ మసి యెచ్చటనైన కనబడునా యనునదే రాస్ వెదకులాట.

వెదకుట మాటలలో చెప్పినంత సులభము కాదు. దోమ దేహము ఆవగింజంత. దానిలో వేలకొలది కణములు. వానిలో దేనిలో, ఎన్నవ దినమున, ఏ రూపమున ఆ జీవి యుండునో ఎవరును చెప్పలేరు. మాన్సన్ ఊహలోనే ఒక లోపము గలదు. దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలచెను. రాస్ దానినిగూడ పరీక్షించి చూచెను, ఫలము లేకపోయెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. ఆయన రెండు సంవత్సరములు కోసి చూచిన బూడిదరంగు దోమలు, చారల దోమలు మలేరియాను మోయు జాతివి కానే కావు. నడుమ బెంగుళూరులో కలరాను అరికట్టు పని నిచ్చి పంపిరి. 1897లో నీలగిరులకు వెళ్లగా అచ్చట ఆయనకే మలేరియా సోకెను. కోలుకొని మరల సికిందరాబాదు చేరెను.

ఆ యేటి యెండలను గూర్చి ఆయనయే వ్రాసికొనెను. చిన్న గదిలో కూర్చుండి దోమలను కోయుచుండగా నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టెను. కంటి అద్దము పగిలియుండెను. పంకా లాగించుటకు వీలులేదు, గాలికి కోసిన దోమ లెగిరిపోవును. ఒక్కొక్క దోమను పూర్తిగా పరీక్షించుటకు గంటల కాలము పట్టెడిది. సైన్యమువారికి ఈ పని యందు ఆసక్తి లేదు, ఖర్చు ఆయనదే. కన్నులు మసకబారి, పని మానివేయవలెనని తోచిన దినములు పెక్కులు.

ఆగష్టు నడుమ ఆయన పనివాండ్రు నీటిలోనుండి పట్టితెచ్చిన పురుగులు సీసాలలో పెరిగి దోమలై వెలువడెను. అవి గోధుమవన్నె కలిగి, రెక్కలమీద మచ్చలు గలవి. ఆ జాతికి శాస్త్రములో అనాఫిలిస్ అని పేరు. ఆసుపత్రిలో హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగి యుండెను. 16వ తేదీన అతనిని దోమతెరలో పరుండబెట్టి ఈ దోమలచే కుట్టించిరి. కుట్టిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించెను. జ్వరముతో మూల్గుచున్న మనిషి అణాలకై దోమలకు ఒడ లప్పగించుట తలచుకొన్నచో మనసు కలుక్కుమనును. ఈ కథలో అతని పేరును విడిచిపెట్టరాదు; అతని నెత్తురే లేనిచో తక్కినది యేదియు జరుగదు.

కొన్ని దోమలను ముందే కోసిరి, కొన్ని చచ్చెను. 20వ తేదీనాటికి మిగిలినవి చాల కొద్ది. ఆనాడు ఒక దోమను కోసి, దేహమంతయు వెదకి, ఏమియు కానక, కడపట కడుపు గోడ మిగిలియుండగా రాస్ అలసిపోయెను. అయినను వదలక చూచెను. కడుపు గోడలో గుండ్రని కణ మొకటి కనబడెను. దోమ కణముల వలె లేదు. దాని నడుమ నల్లని రేణువులు గలవు. అవి మలేరియా రోగి నెత్తురులో తాను నిత్యము చూచు రేణువులే. మరునాడు కడపటి దోమను కోసెను. అందును అట్టి కణములే యుండెను. పైగా అవి ముందటి నాటి వానికంటె పెద్దవి. అనగా ఆ జీవి దోమలో బ్రతికి పెరుగుచున్నది. ఆ సంతోషములో ఆయన కొన్ని పద్యములుగూడ వ్రాసికొనెను. చిన్ననాటి కవి పూర్తిగా చావలేదన్నమాట.

లోకము వెంటనే చప్పట్లు కొట్టలేదు. ఆ కణములను చూచిన నెల లోపలనే బదిలీ ఉత్తరువు వచ్చెను. రాజపుటానాలోని ఖేర్వాడాకు, మలేరియా అరుదైన చోటికి, ఆయనను పంపివేసిరి. మాన్సన్ లండనునుండి పైవారితో పోరాడగా, 1898లో కలకత్తాలో పరిశోధనకు వీలు కలిగెను. అప్పుడు ప్లేగు భయము వలన ప్రజలు సూదిపోటున కొప్పుకొనలేదు. రాస్ పక్షుల మలేరియాను చేపట్టెను. ఆ జీవి దోమ కడుపులో పెరిగి, పగిలి, సన్నని దారపు ముక్కల వంటి పిల్లలై లాలాజల గ్రంథిని చేరుననియు, దోమ కుట్టినప్పుడు ఆ లాలతోపాటు ప్రాణి నెత్తురులోనికి పోవుననియు ఆ వేసవిలోనే నిరూపించెను. ఆరోగ్యవంతములైన పిచ్చుకలను దోమలచే కుట్టించి రోగము తెప్పించెను. మనుష్యుల మలేరియా విషయమున ఈ చక్రమును ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు అదే సంవత్సరము పూర్తిగా చూపిరి. ఎవరు ముందు అను వాదము రాస్‌ను జీవితాంతము విడువలేదు. అంతటి ఘనుడు ఆ కలహములో అంత కాలము గడపకున్న బాగుండెడిది.

ఇక రాస్‌కు తెలియని సంగతి యొకటి కలదు. నెత్తురులో ఆ జీవి వేషములు మార్చుచుండుట ఆయన చూచెను. హుస్సేన్ ఖాన్ నెత్తురులో నున్నవి నెలవంక యాకారపు రూపములు. దేహములో నున్నంతవరకు అవి మారవు. నెత్తురు చుక్కను వెలికి తీసి కొన్ని నిమిషములుంచినచో నెలవంక గుండ్రనై, దానినుండి కొరడాల వంటి పోగులు వెలువడి కొట్టుకొనును. ఇవి మగబీజములని 1897లోనే అమెరికాలో మెక్కాలమ్ అను యువకుడు పక్షుల జీవిలో కనిపెట్టెను. అవి వెలువడుటకు కారణము తరువాతివారు కనుగొనిరి. దోమ కడుపులో వేడిమి కొన్ని డిగ్రీలు తగ్గును. బొగ్గుపులుసు వాయువు తప్పిపోవుటచే నెత్తురు పులుపు తగ్గును. దోమ దేహములోని ఒక రసాయనము దానికి తోడగును. ఈ గుర్తులతో ఆ జీవి తాను ఇల్లు మారినట్లు తెలిసికొనును.

ఇంతకంటె విచిత్రమైనది ప్రాణవాయువు సంగతి. ఎర్రకణము ప్రాణవాయువును మోయు బండి. ఆ బండిలో కాపురముండి, ఆ బండినే తినుచు, మలేరియా జీవి తన శక్తికై ఆ వాయువును దాదాపుగా వాడుకొనదు. అది చక్కెరను సగము వరకే విరిచి, లాక్టిక్ ఆమ్లముగా మార్చి, వచ్చిన కొద్దిపాటి శక్తితో బ్రతుకును. మన యింటిలో పెరుగును పులియజేయునది ఈ యామ్లమే. కొద్దిపాటి శక్తి చాలవలెనన్నచో చక్కెర ఎక్కువ కావలెను. కావున జీవి యున్న కణము మామూలు కణముకంటె ఎన్నో రెట్లు చక్కెరను మ్రింగును. తీవ్ర మలేరియాలో రోగి నెత్తురున చక్కెర పడిపోయి, ఆమ్లము పేరుకొనుట ప్రాణాపాయము కలిగించును. పైగా ప్రాణవాయువు ఎక్కువైనచో హిమోగ్లోబిను విరిచినప్పుడు విడివడు ఇనుము దానితో కలిసి జీవినే కాల్చును. నల్లని రేణువుగా దానిని కట్టిపెట్టుట ఆ యపాయమును తప్పించుకొను ఉపాయమే. క్లోరోక్విను అను మందు ఈ కట్టివేతను చెరచి ఆ జీవిని దాని విషముతోనే చంపును.

కావుననే పెరిగిన జీవి యున్న ఎర్రకణములు జిగురు పట్టి, లోపలి అవయవముల సన్నని నాళముల గోడల కంటుకొని యుండును. అచ్చట ప్రాణవాయువు తక్కువ. ప్లీహమువారి సోదాయు లేదు. వ్రేలినుండి తీసిన చుక్కలో చిన్న రూపములే తరచుగా కనబడుటకు ఇది హేతువు. ప్రయోగశాలలో ఈ జీవిని ఎడతెగక పెంచుటకు ఎందరో యత్నించి విఫలులైరి. 1976లో అమెరికాలో ట్రేగర్, జెన్‌సెన్ అనువారు ఒక గాజుపాత్రలో నెత్తురు పళ్లెములతోపాటు కొవ్వొత్తిని వెలిగించి పెట్టి, అది ఆరునంతలో మూత బిగించిరి. కొవ్వొత్తి ప్రాణవాయువును కొంత తిని బొగ్గుపులుసు వాయువును వదలెను. ఆ చాలీచాలని గాలిలో మలేరియా జీవి చక్కగా పెరిగెను. మన గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. నేటి ప్రయోగశాలలలో దీనిని తరచుగా 5 పాళ్ల గాలిలో పెంచుదురు. అదే జీవి దోమలో చేరినంతనే రీతి మార్చి, ప్రాణవాయువుతో ఆహారమును పూర్తిగా కాల్చు యంత్రాంగమును నడపుకొనును. పూర్వులు చెడుగాలి యన్నది వట్టిదే గాని, గాలి మారినప్పుడు బ్రతుకు మార్చుకొనుట ఈ జీవి విద్యయే.

ఈ విద్య బాక్టీరియాలకును కలదు. అమీర్‌పేటకు అనతిదూరమున ఎర్రగడ్డలో ఛాతీ రోగముల ఆసుపత్రి యున్నది. అచ్చట చికిత్సకు వచ్చువారిలో క్షయరోగులు పెక్కురు. 1882లో రాబర్ట్ కోచ్ కనుగొన్న ఆ క్షయ బాక్టీరియా మలేరియా జీవి వలె కాక ప్రాణవాయువును మిక్కిలి కోరును. అయినను మన దేహము దాని చుట్టును గోడ కట్టి గడ్డగా బంధించి, లోపల ప్రాణవాయువు తరుగునట్లు చేసినప్పుడు అది చావదు. పెరుగుట మాని, తిండి తగ్గించి, ఏండ్ల తరబడి నిద్రించును; దేహబలము సన్నగిల్లినప్పుడు మేల్కొనును. మందులు పెరుగుచున్న క్రిములను త్వరగా చంపును గాని నిద్రించువానిని మెల్లగా గాని చంపలేవు. దగ్గు తగ్గినను ఆరు నెలలు మందు మానరాదని వైద్యులు బ్రతిమాలుటకు ఇదియొక కారణము. ధనుర్వాత బాక్టీరియా సంగతి వేరు. ప్రాణవాయువు దానికి శత్రువు. మట్టిలో గట్టి గింజవలె పడియుండి, మేకు గుచ్చుకొన్న లోతైన గాయములో గాలి చొరని చోటు దొరకినప్పుడు మొలకెత్తును.

రాస్ 1899లో భారతదేశపు కొలువు విడిచి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అక్కడినుండి పశ్చిమాఫ్రికా, ఈజిప్టు, మారిషస్ దేశములకు వెళ్లి, నీరు నిలువకుండజేసి దోమలను తగ్గించు పద్ధతులను నేర్పెను. 1902లో వైద్యమున నోబెల్ బహుమతి వచ్చెను. 1911లో సర్ బిరుదము వచ్చెను. చిన్ననాటి గణితము ఇప్పుడు అక్కరకు వచ్చెను. దోమల నన్నిటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్య ఒక మేరకు లోపడినచో మలేరియా తానే క్షీణించుననియు ఆయన లెక్కగట్టి చూపెను. నాటి వైద్యులు ఈ లెక్కలను అంతగా పట్టించుకొనలేదు. నేడు అంటువ్యాధుల లెక్కలు వేయువారు వానినుండియే మొదలుపెట్టుదురు. కోరినంత ధనము ఆయనకు కూడలేదు. వృద్ధాప్యమున తన పరిశోధనల కాగితములను విక్రయించెను. 1927లో కలకత్తాలో తన పేర నిలిపిన స్మారక ద్వారమును చూచుటకు వచ్చెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికిని ఆయన పేరే పెట్టిరి. 1997లో ఆ యావిష్కారమునకు నూరేండ్లు నిండినప్పుడు ప్రపంచ శాస్త్రజ్ఞులు హైదరాబాదులో కూడిరి. ఏటేట ఆగష్టు 20 దోమల దినముగా జరుగుచున్నది. కూకట్‌పల్లి నాలా నేటికిని బేగంపేట పరిసరముల గుండా పోయి హుస్సేన్ సాగరములో కలియుచున్నది. వానలు పడినంతనే నగరపాలక సంస్థ పనివాండ్రు పొగయంత్రములను భుజమున వేసికొని దాని యొడ్డు వాడలలో తిరుగుదురు. ఇంటింటికి వచ్చి తొట్లలోని నీరు పారబోయుడని చెప్పుదురు.